వాటా తేలని గెలుపులు: గోదావరి డెల్టా క్రీడాకారుల రికార్డులను చదవడం ఎలా

అమలాపురం నుంచి వచ్చిన షటిల్ బ్యాడ్మింటన్ ఆటగాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ప్రస్తావన రాగానే అందరికీ ముందుగా గుర్తొచ్చే అంకె 565. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకా పట్టణంలో, యోనెక్స్ కర్మాగారానికి చెందిన వ్యాయామశాలలో అతను కొట్టిన స్మాష్‌కు (పైనుంచి కిందికి బలంగా కొట్టే దెబ్బ) షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో రాకెట్టును విడిచిందని గిన్నిస్ సంస్థ నమోదు చేసింది. అంతకుముందు పదేళ్లపాటు ఆ రికార్డు మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట 493 కిలోమీటర్ల దగ్గర ఉండేది. అంకె గొప్పదే, అందులో సందేహం లేదు. అయితే అది పోటీలో, ప్రత్యర్థి ఎదురుగా నిలబడి ఉండగా కొట్టిన దెబ్బ కాదు. దానివల్ల సాత్విక్‌కు ఒక్క పాయింటు కూడా రాలేదు. ఇంకో సంగతి ఏమిటంటే, అతను పెద్ద పోటీల్లో గెలిచిన పతకాలను వరుసగా పేర్చి చూస్తే వాటిలో అతను ఒంటరిగా గెలిచినది ఒక్కటీ కనిపించదు. ప్రతి పతకంలోనూ పక్కన మరొక పేరో, ఒక జట్టు పేరో ఉంటుంది. అతని పేరిట ఒంటరిగా నిలిచిన ప్రసిద్ధ రికార్డు ఆ కర్మాగారంలోని స్మాష్ మాత్రమే, అతని ఆటను అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే తక్కువగా పనికొచ్చేదీ అదే.

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన గోదావరి పాయలు పారే నేలలో పుట్టి దేశం తరఫున ఆడినవారిని ఒకచోట చేర్చి చూస్తే ఇదే లక్షణం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. క్రికెట్‌లో ఆలమూరులో పుట్టిన ఎడమచేతి స్పిన్నర్ వెంకటపతి రాజు, కాకినాడలో పుట్టిన బ్యాటరు హనుమ విహారి, రామచంద్రపురంలో పుట్టిన వికెట్ కీపర్ కోన శ్రీకర్ భరత్, పరుగు పందేల్లో మార్టేరుకు చెందిన సత్తి గీత, తణుకు అమ్మాయి దండి జ్యోతిక శ్రీ, వీరందరి క్రీడాజీవితాల్లో అత్యుత్తమ ఘట్టాలు ఇంకొకరితో పంచుకున్నవే. దీన్ని డెల్టా నేల గుణంగానో, కలివిడిగా బతికే పల్లె అలవాటుగానో వర్ణించడం తేలిక. ఐదుగురేసి ఆడే బాల్ బ్యాడ్మింటన్ ఇక్కడి ఊళ్లలో బాగా ఆడేవారు కాబట్టి జోడీ ఆట వీరికి సహజంగా అబ్బిందని వాదించడమూ వినడానికి బాగుంటుంది. అయితే అరడజను మందిని చూపి ఒక ప్రాంతపు స్వభావాన్ని తేల్చడం కుదిరే పని కాదు. ఇక్కడ తేల్చవలసింది వేరొక సంగతి: పతకాల పట్టికలూ, సగటులూ, రికార్డు పుస్తకాలూ ఒక్కొక్కరి పేరు మీదే రాసి ఉంటాయి కనుక, పంచుకున్న గెలుపులో ఒక క్రీడాకారుడి వాటాను ఎలా కొలవాలి అన్నది.

సాత్విక్ జోడీ ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. 2018 ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో మిశ్రమ జట్టు స్వర్ణం గెలిచినప్పుడు అతనికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ క్రీడల్లోనే ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో కలిసి పురుషుల డబుల్స్ రజతం గెలిచాడు. ఆ తర్వాత 2019లో థాయ్‌లాండ్ ఓపెన్, 2022లో ఇండియా ఓపెన్, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం, ఫ్రెంచ్ ఓపెన్, 2023లో స్విస్ ఓపెన్, దుబాయ్‌లో ఆసియా చాంపియన్‌షిప్, ఇండోనేషియా ఓపెన్, కొరియా ఓపెన్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ మొదటి ర్యాంకు వచ్చాయి. ఆసియా క్రీడల చరిత్రలో భారత షటిల్‌కు దక్కిన తొలి స్వర్ణం అదే. ఫైనల్లో కొరియా జోడీ చోయ్ సోల్‌గ్యు, కిమ్ వొన్‌హోలను 21-18, 21-16తో ఓడించారు. 2023 సంవత్సరానికి ఖేల్ రత్న పురస్కారాన్ని ఈ ఇద్దరికే ప్రకటించారు. 2020లో అర్జున కూడా ఇద్దరికీ ఒకే ఏడాది వచ్చింది. ర్యాంకు పట్టికలోనూ డబుల్స్ స్థానం జోడీ పేరిటే ఉంటుంది తప్ప సాత్విక్‌కు విడిగా ఒక అంకె, చిరాగ్‌కు విడిగా ఒక అంకె ఉండవు. ఈ ఒక్క విషయంలో షటిల్ లెక్కలు క్రికెట్ లెక్కల కంటే నిజాయితీగా ఉన్నాయని ఒప్పుకోవాలి.

అయితే లోపల జరిగే పని విభజన ఆ లెక్కలో కనిపించదు. డబుల్స్‌లో పాయింటు ఎక్కువగా మొదటి మూడు నాలుగు దెబ్బల్లోనే ఒకవైపు ఒరుగుతుంది. సర్వీస్ నెట్ అంచును రాసుకుంటూ పొట్టిగా పడాలి. కాస్త ఎత్తు లేచిందంటే అవతలివాడు ముందుకు దూకి దాన్ని నేలకు కొట్టేస్తాడు. సర్వీస్ సరిగా పడి, మూడో దెబ్బ కిందికి దిగేలా పడితే, ప్రత్యర్థికి షటిల్‌ను పైకి ఎత్తడం తప్ప దారి ఉండదు. అలా పైకి లేచిన షటిల్ కిందికి సాత్విక్ వెనుక కోర్టు నుంచి వచ్చి స్మాష్ కొడతాడు. చూసేవాళ్లకు గుర్తుండేది ఆ స్మాషే. కానీ ఆ స్థాయి జోడీలు మొదటి స్మాష్‌ను చాలాసార్లు తిప్పికొట్టగలవు. అది బలహీనంగా తిరిగి వస్తే నెట్ దగ్గర కాచుకున్న చిరాగ్ దాన్ని ముగిస్తాడు. పాయింటు ఎవరిది? చివరి దెబ్బ చిరాగ్‌ది, ఆ దెబ్బకు వీలు కల్పించింది సాత్విక్, సాత్విక్‌కు ఆ అవకాశం ఇచ్చింది సర్వీస్. స్కోరు పలకపై ఒక్క అంకె మాత్రమే మారుతుంది.

ఈ విభజన వారికి పుట్టుకతో వచ్చింది కాదు. ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ వెనుక నుంచి బలంగా కొట్టడానికి అలవాటు పడ్డవారే. 2015లో భారత డబుల్స్ శిక్షకుడిగా వచ్చిన మలేషియా వాసి టాన్ కిమ్ హెర్ వీరిని జత చేసినప్పుడు, ఇద్దరు కొట్టేవాళ్లు ఒక జోడీలో ఇమడరన్న సందేహం సహజంగానే ఉండేది. ఆ సందేహం తీరడానికి పట్టిన కాలాన్ని మలేషియా జోడీ ఆరన్ చియా, సో వుయ్ యిక్‌లతో వారి పోరు చెబుతుంది. వరుసగా ఎనిమిది మ్యాచుల్లో ఆ జోడీ చేతిలో ఓడిపోయి, చివరికి 2023 ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో 21-17, 21-18తో తొలిసారి గెలిచారు. ఆ ఎనిమిది ఓటముల్లో 2022 ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్ కూడా ఉంది. స్మాష్ వేగం ఆ ఒక్క ఏడాదిలో హఠాత్తుగా పెరిగిపోయి ఉండదు. మారింది సర్వీస్ దగ్గరి నిబ్బరం, నెట్ దగ్గరి ఓపిక, ఒకరు ముందుకు వెళితే రెండోవారు ఖాళీని పూడ్చే తీరు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో మొదటి గేమ్ 21-13తో గెలిచి కూడా అదే మలేషియా జోడీకి మ్యాచ్ అప్పగించారు. మరుసటి ఏడాది, పారిస్‌లోనే జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్‌ఫైనల్లో ఆ జోడీని వరుస గేముల్లో ఓడించి రెండో కాంస్యం ఖాయం చేసుకున్నారు.

పట్టికలు మాయ చేసే తీరుకు టోక్యో ఒలింపిక్స్ ఇంకా చక్కని సాక్ష్యం. గ్రూపులో ఆడిన మూడు మ్యాచుల్లో రెండు గెలిచారు. అందులో ఒకటి చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్, వాంగ్ చిలిన్‌ల మీద 21-16, 16-21, 27-25 తేడాతో గెలిచిన మ్యాచ్. ఆ జోడీయే చివరికి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. గెలుపులు సమానమైనప్పుడు గేముల లెక్క చూడడంతో సాత్విక్, చిరాగ్ గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టారు. రికార్డు పుస్తకంలో అది గ్రూపు దశ వైఫల్యం, ఆట తెలిసినవారి లెక్కలో బంగారు పతక విజేతలను ఓడించిన ప్రదర్శన; రెండూ నిజమే.

2022 మే 15న బ్యాంకాక్‌లో జరిగిన, పురుషుల జట్ల ప్రపంచ పోటీ అయిన థామస్ కప్ ఫైనల్ విషయానికి వస్తే వాటాల లెక్క మరింత చిక్కుపడుతుంది. ఐదు మ్యాచుల్లో మూడు గెలిస్తే చాలిన ఆ పోరులో ఇండోనేషియా మీద భారత్ 3-0తో గెలిచి ఆ కప్పును మొట్టమొదటిసారి అందుకుంది. లక్ష్య సేన్ మొదటి మ్యాచ్ గెలిచాడు, కిడాంబి శ్రీకాంత్ మూడోది గెలిచి కప్పు ఖాయం చేశాడు. మధ్యలో జరిగిన డబుల్స్‌లో సాత్విక్, చిరాగ్ మొదటి గేమ్ 18-21తో పోగొట్టుకుని, రెండో గేమ్‌లో ప్రత్యర్థులు మ్యాచ్ పాయింట్ల మీద ఉండగా కాచుకుని 23-21తో గట్టెక్కి, మూడోది 21-19తో ముగించారు. ఫైనల్ వరకూ రావడంలో హెచ్.ఎస్. ప్రణయ్ నిర్ణాయక మ్యాచులు గెలిచిపెట్టాడు, కానీ ఫైనల్లో అతను రాకెట్టు పట్టవలసిన అవసరమే రాలేదు. నలభై మంది కలిసి లాగితే కదిలిన రథానికి ఎవరి చెయ్యి ఎంత బలం ఇచ్చిందో తూకం వేయలేనట్టే, ఆ కప్పులో అమలాపురం వాటా ఇంత అని చెప్పలేం. కానీ ఆ రెండో గేమ్ పోయి ఉంటే స్కోరు 1-1 అయ్యేదన్నది మాత్రం గట్టిగా చెప్పగలం.

శిక్షకుల వాటా సంగతి ఇంతకంటే అస్పష్టం. సాత్విక్‌కు మొదటి గురువు తండ్రే. ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడు, రాష్ట్ర స్థాయిలో షటిల్ ఆడినవారు. 2014లో సాత్విక్ హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీకి చేరాడు. జోడీని కుదిర్చింది టాన్ కిమ్ హెర్. 2021 నుంచి పారిస్ ఒలింపిక్స్ దాకా నడిపించింది 2012 లండన్ ఒలింపిక్స్‌లో డబుల్స్ రజతం గెలిచిన డెన్మార్క్ ఆటగాడు మథియాస్ బో. పతకాలు వచ్చిన కాలాన్ని బట్టి చూస్తే ఘనతలో ఎక్కువ భాగం బోకు దక్కుతుంది, దక్కాలి కూడా. కానీ పదేళ్ల పిల్లవాడి మణికట్టును సరిదిద్దిన డ్రిల్లు మాస్టారి పని ఏ పురస్కారం లెక్కలోకీ రాదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన క్రీడాకారుల్లో చాలామంది కథ ఇలాగే రెండు ముక్కలుగా ఉంటుంది: మొదలు ఇక్కడ, మెరుగు హైదరాబాదులోనో విశాఖలోనో జాతీయ శిబిరంలోనో. క్రికెటర్ల విషయంలో మొదలు కూడా ఇక్కడిది కాదనే చెప్పాలి. వెంకటపతి రాజు హైదరాబాదు జట్టుకు ఆడి ఎదిగాడు, విహారి హైదరాబాదులో ఆట నేర్చుకున్నాడు, భరత్ విశాఖలో పెరిగాడు. పుట్టిన ఊరి పేరు చూసి డెల్టా వీరిని తనవారిగా చెప్పుకోవడంలో తప్పు లేదు గానీ, వారిని తీర్చిదిద్దిన ఘనతను కూడా తన ఖాతాలో వేసుకుంటే అది న్యాయం కాదు.

వెంకటపతి రాజు 28 టెస్టుల్లో 93 వికెట్లు, 53 వన్డేల్లో 63 వికెట్లు తీశాడు. ఈ అంకెలు మాత్రమే చూస్తే ఫరవాలేదనిపించే స్పిన్నర్ అంటారు. 1990 నవంబరులో చండీగఢ్‌లో శ్రీలంకను 82 పరుగులకే కుప్పకూల్చిన ఇన్నింగ్స్‌లో అతను 17.5 ఓవర్లు వేసి 13 మెయిడెన్లతో (పరుగు ఇవ్వని ఓవర్లతో), 12 పరుగులకు 6 వికెట్లు పడగొట్టాడు. అది ఒంటి చేతి ఘనతే. కానీ అతని అసలు విలువ 1993లో భారత్ తన సొంతగడ్డపై ఇంగ్లండ్‌ను 3-0తో ఓడించిన సిరీస్‌లో తెలుస్తుంది. అనిల్ కుంబ్లే 21, రాజు 16, రాజేశ్ చౌహాన్ 9 వికెట్లు తీశారు. ఒక కొసన కుంబ్లే వేగంగా, ఎగిరేలా వేస్తుంటే ఇంకో కొసన రాజు గాలిలో ఆగి వచ్చే బంతులతో పరుగులు కట్టడి చేసేవాడు. అటు ఊపిరాడని బ్యాటరు ఇటు తొందరపడేవాడు. ఆ తొందరలో పడిన వికెట్ ఎవరి ఖాతాలో చేరిందన్నది ఏ ఓవరులో పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. కుంబ్లే 619 వికెట్ల పర్వతం పక్కన నిలబెట్టి రాజును కొలవడం అందుకే సరి కాదు.

శ్రీకర్ భరత్ విషయంలో రికార్డు పుస్తకం ఇంకొంచెం నిర్దయగా ప్రవర్తించింది. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవాపై 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో ఒకే ఇన్నింగ్స్‌లో మూడు వందల పరుగులు కొట్టిన తొలి వికెట్ కీపర్ అయ్యాడు. 2021 నవంబరులో కాన్పూర్‌లో న్యూజిలాండ్‌తో జరిగిన టెస్టులో వృద్ధిమాన్ సాహా మెడ పట్టేయడంతో, తుది జట్టులో లేని భరత్ అతని స్థానంలో కీపర్‌గా దిగాడు. బంతి తిరుగుతూ, కిందికి జారే ఆ పిచ్‌పై విల్ యంగ్, రాస్ టేలర్‌ల క్యాచులు పట్టాడు. 95 పరుగుల మీద ఉన్న టామ్ లేథమ్‌ను స్టంపౌట్ చేశాడు. స్కోరుకార్డులో ఆ మూడింటి పక్కనా ‘సబ్’ (బదులు ఆటగాడు) అన్న ముద్ర పడింది. టెస్టు క్రికెటర్‌గా అతని ఖాతా అధికారికంగా తెరుచుకున్నది 2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో. కాన్పూర్‌లో పట్టిన క్యాచులు అతని టెస్టు లెక్కలోకి రావు. కీపింగ్ నైపుణ్యానికి అన్నిటికంటే గట్టి రుజువు లెక్కకు బయటే ఉండిపోవడం విడ్డూరమే అయినా, నిబంధన ప్రకారం అంతే.

హనుమ విహారి 2018 సెప్టెంబరులో ఇంగ్లండ్‌పై ఓవల్‌లో తొలి టెస్టు ఆడి 56 పరుగులు చేశాడు; వరుస బంతుల్లో రూట్‌ను, ఆఖరి ఇన్నింగ్స్ ఆడుతున్న కుక్‌ను ఔట్ చేశాడు. మరుసటి ఏడాది కింగ్‌స్టన్‌లో 111 కొట్టాడు. 16 టెస్టుల్లో 839 పరుగులు అతని మొత్తం. ఇంతలోనూ అతని పేరు నిలబెట్టింది 2021 జనవరిలో సిడ్నీలో ఆస్ట్రేలియాపై చేసిన 23 పరుగులు. తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని అజేయంగా నిలిచాడు. రెండో కొసన నడుము నొప్పితో ఉన్న రవిచంద్రన్ అశ్విన్ 128 బంతుల్లో 39 పరుగులతో నాటౌట్. 407 పరుగుల లక్ష్యం ముందున్నప్పుడు 272 వద్ద ఐదో వికెట్ పడింది. అక్కడి నుంచి విడిపోకుండా 62 పరుగులు జోడించి మ్యాచ్‌ను డ్రాగా ముగించారు. గాయం వల్ల విహారి తర్వాతి బ్రిస్బేన్ టెస్టు ఆడలేదు. అక్కడ భారత్ గెలిచి సిరీస్‌ను 2-1తో చేజిక్కించుకుంది, ఆ గెలుపు స్కోరుకార్డులో అతని పేరు లేదు. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్‌ఫైనల్లో ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగాక, ఎడమచేతి వాటం బ్యాటరులా నిలబడి ఆంధ్ర కోసం కుడిచేత్తో ఆడాడు. ఆ మ్యాచ్‌లో ఆంధ్ర ఓడింది.

సిడ్నీ ఇన్నింగ్స్ జనం మనసులో నిలవడంలో ప్రసారానికి పెద్ద పాత్ర ఉంది. స్టంపు మైకులో అశ్విన్ తమిళంలో విహారికి ధైర్యం చెబుతున్న మాటలు ఇళ్లలోకి వినిపించాయి. స్కోరుకార్డు చెప్పలేని భాగస్వామ్యాన్ని ఒక చిన్న మైకు చెప్పింది. ప్రసారకుల పని, వ్యాఖ్యాతల పని ఇక్కడే ఘనమైనది: కనిపించే దెబ్బకు ముందు జరిగిన కనిపించని పనిని ఎత్తి చూపడం. 2018 నుంచి ఐపీఎల్ వ్యాఖ్యానం తెలుగులోనూ రావడం, ఎం.ఎస్.కె. ప్రసాద్, వేణుగోపాలరావు వంటి ఆంధ్ర మాజీ క్రికెటర్లు మైకు ముందుకు రావడం వల్ల ఫీల్డింగ్ మార్పు ఎందుకు చేశారో, బౌలరు ఒక బంతిని ఎందుకు వదులుకున్నాడో ఇంటి భాషలో వినే వీలు కలిగింది. ఆటకు హుషారు ఎక్కించే కేకలు అవసరమే గానీ, వాటి మోతాదు కాస్త తగ్గి ఈ రకం వివరణ పెరిగితే బాగుండును. షటిల్‌కు, పరుగు పందేలకు క్రికెట్‌కు దక్కినంత తెలుగు వ్యాఖ్యానం దక్కలేదు. తెర మీద స్మాష్ వేగం అంకెగా పడుతుంది, సర్వీస్ నాణ్యతకు అలాంటి అంకె పడదు; దాన్ని మాటల్లో చెప్పేవారు లేకపోతే 565 ఒక్కటే మిగులుతుంది.

అన్నిటికంటే తక్కువ వెలుగు పడినది నలుగురు తలా ఒక చుట్టు పరుగెత్తే 4×400 మీటర్ల రిలే మీద. మార్టేరు పేరు చెబితే రైతులకు వరి పరిశోధన కేంద్రం, అక్కడ పుట్టిన స్వర్ణ వంగడం గుర్తొస్తాయి. అదే ఊరికి చెందిన సత్తి గీత 2004 ఆగస్టు 27న ఏథెన్స్ ఒలింపిక్స్ హీట్స్‌లో (ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పరుగుల్లో) కె.ఎం. బీనామోల్, చిత్రా సోమన్, రాజ్విందర్ కౌర్‌లతో కలిసి 3 నిమిషాల 26.89 సెకన్లలో పరుగు పూర్తిచేసి జాతీయ రికార్డు నెలకొల్పింది. ఫైనల్లో భారత జట్టు ఏడో స్థానంలో నిలిచింది. 2006లో దోహా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన నలుగురిలోనూ గీత ఉంది. 2002 నుంచి 2018 వరకూ వరుసగా ఐదు ఆసియా క్రీడల్లో ఈ పందెం భారత మహిళలదే. ఆ వరుసలో ఒక మెట్టు మార్టేరు అమ్మాయిది కూడా.

అదే పశ్చిమ డెల్టాలోని తణుకు నుంచి వచ్చిన దండి జ్యోతిక శ్రీ 2023లో బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్‌లో ఈ రిలేలోనే కాంస్యం గెలిచిన జట్టులో పరుగెత్తింది. 2024 మే నెలలో బహమాస్‌లో జరిగిన ప్రపంచ రిలేల్లో రూపల్, పూవమ్మ, శుభా వెంకటేశన్‌లతో కలిసి 3:29.35 సమయంతో పారిస్ ఒలింపిక్స్ బెర్తు సంపాదించింది. పారిస్‌లో రూపల్ స్థానంలో విత్యా రామ్‌రాజ్ వచ్చింది, జట్టు 3:32.51తో హీట్స్‌లోనే ఆగిపోయింది. ఏథెన్స్ రికార్డు ఇరవై ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉంది.

రిలేలో నలుగురి సమయాలను నేరుగా పోల్చడానికి వీల్లేదు. మొదటి అమ్మాయి బ్లాకుల నుంచి కదలాలి, పూర్తి చుట్టు తన వరుసలోనే పరుగెత్తాలి. రెండో అమ్మాయి మొదటి మలుపు దాటాక లోపలి అంచుకు చేరడానికి మిగతావారితో తోసుకోవాలి. మూడు, నాలుగు చుట్లవారు కూడా రెండో అమ్మాయిలాగే కదులుతూ బ్యాటన్ అందుకుంటారు కనుక వారికి ఆరంభపు జాప్యం ఉండదు, కానీ వెనుకబడ్డ జట్టును దగ్గరకు లాగే భారం వారిదే. అందుకే గీత ఒంటరి 400 మీటర్ల సమయాలో, జ్యోతిక ఒంటరి సమయాలో చూసి ఈ రికార్డులో వారి భాగం తేల్చలేం. చేయగలిగినదల్లా మొత్తాన్ని నాలుగుతో భాగించడం. ఏథెన్స్‌లో చుట్టుకు సగటున 51.72 సెకన్లు, బహమాస్‌లో 52.34, పారిస్‌లో 53.13. అంటే ఏథెన్స్ జట్టు స్థాయికి చేరాలంటే పారిస్ జట్టులోని ప్రతి అమ్మాయీ తన చుట్టులో సెకనున్నరకు కాస్త తక్కువగా, 1.4 సెకన్లు తగ్గించుకోవాలి. ఒక్కరే వేగం పెంచుకుంటే ఆమె ఒక్కతే దాదాపు ఐదున్నర సెకన్లు మిగల్చాలి, ఆ స్థాయిలో ఎవరికీ అది సాధ్యం కాదు.